పింగాణీ మీద పువ్వు, దాని పక్కన తళుకు

కాల్చాక పాత్ర మీద తళుకు పొరనిచ్చే లస్టర్ ద్రవాల సీసాలను వరుసగా పెట్టి మూతలు తీసి చూస్తే, వాటిలో ఏది గులాబీ రంగు ఇస్తుందో, ఏది నీలం ఇస్తుందో, ఏది ముత్యపు చిప్ప లోపలి మెరుపును తెస్తుందో కంటితో పోల్చుకోవడం కష్టం. దాదాపు అన్నీ పలచటి కాఫీ డికాక్షన్‌లా గోధుమ రంగులోనే ఉంటాయి. పూల రేకులకు వాడే బంగారు గులాబీ రంగు పొడి కూడా కాల్చకముందు మట్టి కలిసినట్టు మసకగానే కనిపిస్తుంది. కాగితం మీదో గుడ్డ మీదో బొమ్మ వేసేవారికి కుంచె కింద కనిపించిన రంగే ఇంచుమించు చివరి వరకూ మిగులుతుంది. పింగాణీ మీద వేసేవారు మాత్రం తమ కళ్లకు కనిపించని రంగుతో పని చేయాలి. కుమ్మరి ఆములో కుండ ఎర్రబడినట్టే ఇక్కడ రంగు కూడా బట్టీలోనే పుడుతుంది. పూల చిత్రణకూ లస్టర్ పనికీ ఇది సమానమే అయినా, ఆ రెండూ వెలుతురును వాడుకునే తీరు పూర్తిగా వేరు. ఒకే కప్పు మీద రెండింటినీ పొందికగా కూర్చడం కష్టమవడానికి అసలు కారణం అక్కడే ఉంది.

పింగాణీ పాత్రకు రంగు వేయడానికి ప్రధానంగా రెండు అవకాశాలు ఉన్నాయి. గాజుపూతకు ముందే, ఒకసారి కాలిన మట్టి మీద వేసి, పైన పూత పూసి మళ్లీ కాల్చడం ఒక పద్ధతి. అయితే గట్టి పింగాణీ పూత కరగడానికి సుమారు 1300 నుంచి 1400 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ వేడిని తట్టుకొని నిలిచే రంగులు చాలా తక్కువ. చైనా పాత్రల్లో నీలం, తెలుపు జంట అంతగా కనిపించడానికి కోబాల్ట్ ఆ వేడిని ఓర్చుకోవడమే ముఖ్య కారణం. పూత కూడా కాలి పూర్తయిన పాత్ర మీద రంగులు వేసి, 750 నుంచి 850 డిగ్రీల మధ్య తక్కువ వేడిలో మళ్లీ కాల్చడం రెండో పద్ధతి. ఈ వేడికి పింగాణీ పూత కరగదు. రంగు పొడిలో కలిపిన మెత్తటి గాజు మాత్రం కరిగి, లోహపు రంగును తనలో ఇముడ్చుకొని ఉపరితలానికి అతుక్కుంటుంది. పూల చిత్రణ విస్తరించినది ఈ రెండో పద్ధతిలోనే. ఎరుపు, పసుపు, గులాబీ, ఊదా, రకరకాల ఆకుపచ్చలు కావలసినవారికి వేరే దారి లేదు.

ఈ రంగులన్నీ లోహాల నుంచి వచ్చినవే. ఇనుము ఎరుపునూ గోధుమనూ ఇస్తుంది, రాగి, క్రోమియం ఆకుపచ్చను ఇస్తాయి, సీసం, ఆంటిమొనీ కలిసి పసుపు అవుతాయి. వీటిలో పూల చిత్రకారుల తలరాతను మార్చినది మాత్రం బంగారం. బంగారాన్ని ఆమ్లంలో కరిగించి తగరపు లవణంతో కలిపితే ఏర్పడే ఊదా ఎరుపు పదార్థం, 1685లో వెలువడిన ఒక గ్రంథం మూలంగా ఆండ్రియాస్ కాసియస్ పేరుతో స్థిరపడింది. అందులో బంగారం అతి సూక్ష్మమైన కణాలుగా విడిపోయి ఉండటం వల్ల పసుపుగా కాక ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని తెల్లటి గాజులో పలచగా కలిపితే గులాబీ రేకుకు కావలసిన లేత రంగు వస్తుంది. ఇనుపెరుపుతో మందార పువ్వును మెప్పించవచ్చు గాని గులాబీని మెప్పించలేము. 18వ శతాబ్దం మొదటి భాగంలో చైనా కళాకారులు కూడా బంగారు గులాబీ రంగును విరివిగా వాడడం మొదలుపెట్టారు. ఆ కొత్త వర్ణాలను వారు విదేశీ రంగులు అనే అర్థం వచ్చే పేరుతోనే పిలిచారు. పింగాణీని చైనా నుంచి నేర్చుకోవడానికి యూరప్ పడుతున్న పాట్లు అప్పటికి ఇంకా ముగియలేదన్న సంగతి గుర్తుంచుకుంటే, రంగుల రాకపోకలు ఒకే దిక్కున సాగలేదని అర్థమవుతుంది.

జర్మనీలోని సాక్సనీలో గట్టి పింగాణీ రహస్యం 1708 ప్రాంతంలో చేతికి చిక్కింది. చిర్న్‌హౌస్ అనే పండితుని పరిశోధనల వెంట నడిచిన యోహాన్ ఫ్రీడ్రిష్ బ్యోట్‌గర్ ప్రయోగాల ఫలితంగా 1710లో మైసెన్ కర్మాగారం మొదలైంది. అయితే మంచి తెల్లటి పింగాణీ చేయడం ఒక ఎత్తు, దాని మీద నిలిచే రంగులు చేయడం మరో ఎత్తు. ఆ రెండో పని 1720లో వియన్నా నుంచి మైసెన్‌కు వచ్చిన యోహాన్ గ్రెగోరియస్ హెరోల్ట్ చేతిలో ఒక కొలిక్కి వచ్చింది. అతని హయాంలో రంగుల పెట్టె ఎంత నిండిందంటే, ఆ తర్వాతి దశాబ్దాలలో యూరప్‌లోని ఇతర కర్మాగారాలు మైసెన్ రంగులనే కొలమానంగా తీసుకున్నాయి.

మైసెన్ తొలి పూలను జర్మన్లు "భారతీయ పూలు" అని పిలిచారు. నిజానికి అవి చైనా, జపాన్ పాత్రల మీది చామంతులూ పియొనీ పూలూ. తూర్పు ఇండియా కంపెనీల ఓడల్లో దిగిన సరుకు ఏదైనా అప్పటి యూరప్ వాడుకలో భారతీయమే అయింది. చైనాలో తయారైన లక్క తెరలకు, మన కోరమాండల్ తీరపు రేవుల మీదుగా ఓడలెక్కిన పాపానికి, కోరమాండల్ తెరలు అన్న పేరు వచ్చి ఈనాటికీ నిలిచిపోయింది. రెండూ ఒకే రకమైన పొరపాట్లు. 1740 ప్రాంతం నుంచి "జర్మన్ పూలు" ముందుకు వచ్చాయి. మొదట్లో వాటిని ముద్రిత వృక్షశాస్త్ర చిత్రాలను చూసి వేశారు. అందుకే ఆ తొలి పూలలో గీతలు కాస్త బిగుసుకొని ఉంటాయి, పాత్ర మీద పువ్వు నీడ కూడా పడుతుంది. తర్వాతి తరంలో ఆ బిగువు సడలి, తోటలో కోసి అప్పుడే చేతికిచ్చినట్టున్న వదులు గుత్తులు వచ్చాయి. గాజుపూతలో చిన్న మచ్చో బొడిపో ఉంటే దాన్ని కప్పడానికి అక్కడొక తుమ్మెదను గాని, పురుగును గాని, విడి రేకును గాని వేయడం ఈ పనిలో పాత అలవాటు. గుత్తికి దూరంగా, సంబంధం లేనట్టుండే ఒక చిన్న పువ్వు కనిపిస్తే దాని కింద ఏముందో అనుమానించడం తప్పు కాదు.

శాస్త్రానికీ అలంకారానికీ మధ్య ఉన్న ఈ బంధం డెన్మార్క్‌లో పరాకాష్ఠకు చేరింది. రాయల్ కోపెన్‌హేగన్ కర్మాగారంలో 1790లో ఫ్లోరా డానికా అనే భోజన పాత్రల సముదాయం పని మొదలైంది. డెన్మార్క్ రాజ్యంలోని మొక్కలన్నిటినీ చిత్రించడానికి 1761లో అచ్చు మొదలుపెట్టిన వృక్షగ్రంథంలోని బొమ్మలను పాత్రల మీదికి ఎక్కించాలన్నది సంకల్పం. 1802లో పని ఆగేనాటికి 1802 పాత్రలు సిద్ధమయ్యాయి. వాటి మీది మొక్కలలో అత్యధికం యోహాన్ క్రిస్టఫ్ బాయర్ అనే ఒక్క చిత్రకారుడే వేశాడు. పళ్లెంలో వేరుతో సహా మొక్క కనిపిస్తుంది, అందమైన పువ్వుకు ఇచ్చిన చోటే ముళ్ల కలుపు మొక్కకూ దక్కుతుంది. అందంగా కనిపించడం కోసం మొక్కను మార్చకూడదన్న ఆ పట్టుదలే ఈ పాత్రల అసలు గొప్పతనం. పన్నెండేళ్లు ఒకే మనిషి కన్ను, ఒకే చేయి ఈ పనికి అంకితమయ్యాయని తలచుకుంటే వాటి ముందు కాసేపు నిలబడాలనిపిస్తుంది.

పువ్వు వేసే విధానానికి వస్తే, రంగు పొడిని మొదట పలక మీద చదునైన కత్తితో నూనెలో నూరుతారు. చిక్కబరిచిన టర్పెంటైన్, లావెండర్ నూనె, లవంగ నూనె వంటివి ఇందుకు వాడతారు. ఇవి బట్టీలో కాలిపోతాయి కాబట్టి వాటి పని కుంచెకు జారుడు ఇచ్చి, రంగును కాసేపు ఆరకుండా ఉంచడం వరకే. నూనె ఎక్కువైతే కాల్చేటప్పుడు రంగు బుడగలెత్తి పొక్కుతుంది. రంగు మందమైతే చల్లారాక పెచ్చులూడుతుంది. పింగాణీ, దాని మీది రంగు గాజు ఒకే కొలతలో సంకోచించవు, మందం పెరిగే కొద్దీ ఆ తేడా ఒత్తిడిగా మారుతుంది. కాబట్టి ముదురు గులాబీని ఒకే విడతలో ముదురుగా వేయడం కుదరదు. పలచగా వేసి కాల్చి, దాని మీద మళ్లీ పలచగా వేసి కాల్చి, మూడు నాలుగు విడతల్లో లోతు తేవాలి. మొదటి విడతలో వెలుగు నీడల పెద్ద ముద్దలు, రెండో విడతలో రేకుల మడతలు, ఆ తర్వాత అంచులు, ఈనెలు, ఆకుల వెనక నీడలు, ఈ వరుసలో పని సాగుతుంది.

ఇందులో తెలుపు రంగు పాత్ర విచిత్రమైనది. నీటిరంగుల చిత్రంలో కాగితపు తెల్లదనాన్ని వదిలినట్టే ఇక్కడ పింగాణీ తెల్లదనమే వెలుగు అవుతుంది. కాని దాన్ని వదిలి పెట్టనక్కర్లేదు, తర్వాత వెనక్కి తెచ్చుకోవచ్చు. గాజుపూత రంగును పీల్చుకోదు కాబట్టి, ఆరని రంగును పొడి కుంచెతో తుడిస్తే కింద తెలుపు తేటగా బయట పడుతుంది. ఇంగ్లండ్‌లో డార్బీ కర్మాగారంలో పని చేసిన విలియం బిల్లింగ్స్‌లీ ఈ సంగతిని గులాబీల మీద ప్రయోగించి చరిత్రలో నిలిచాడు. అంతవరకూ రేకు వెలుగు భాగాన్ని ఖాళీగా వదిలి చుట్టూ రంగు వేసేవారు, గీతలు పొడిగా తేలేవి. అతను రేకు మొత్తాన్ని రంగుతో నింపి, కుంచెతో వెలుగును తుడిచి తీశాడు. వెలుగు నుంచి నీడకు మారే చోట అంచు కనిపించకుండా పోయింది. కుంచె రంగు వేయడానికి ఎంతో, తీయడానికీ అంతేనన్న ఈ ఎరుక కాగితపు చిత్రకళ నుంచి రాదు, పింగాణీ స్వభావం నుంచే వస్తుంది. ఈనాడు ఇంట్లో చిన్న విద్యుత్ బట్టీ పెట్టుకొని గులాబీలు వేసేవారు కూడా చేసేది ఇదే.

బట్టీ దగ్గర మళ్లీ బంగారమే పరీక్ష పెడుతుంది. బంగారు గులాబీకి వేడి చాలకపోతే రంగు ఇటుక పొడిలా, గోధుమ ఛాయతో నిలిచిపోతుంది. వేడి మించితే ఊదా వైపు జరుగుతుంది. ఇనుపెరుపు ఇందుకు భిన్నంగా పదే పదే కాల్చే కొద్దీ వెలిసిపోతుంది, పక్కన ఉన్న పసుపు దాన్ని తినేస్తుంది కూడా. పసుపులోని సీసపు గాజు ఇనుమును కరిగించుకోవడమే ఆ తినడం. కాడ్మియం, సెలీనియంతో చేసిన పచ్చి ఎరుపులు మిగతా రంగులతో కలిస్తే నల్లబడే ప్రమాదం ఉంది కాబట్టి వాటికి కుంచెను కూడా వేరుగా ఉంచుతారు. ఈ కారణాల వల్ల, పేరున్న చిత్రకారులు తమ ప్రతి రంగునూ పలచ నుంచి చిక్క వరకు ఒక పలక మీద పూసి, కాల్చి, ఆ పలకనే పక్కన పెట్టుకుంటారు. వారు నమ్మేది ఆ పలకను, సీసా మీది పేరును కాదు.

ఇక తళుకు సంగతి. లస్టర్ అనే పేరు కింద పుట్టుకలో వేరైన రెండు విద్యలు కలిసిపోయాయి. మొదటిది 9వ శతాబ్దంలో ఇరాక్‌లో మట్టి పాత్రల మీద వికసించినది. రాగి, వెండి లవణాలను కావి మట్టి వంటిదానితో కలిపి, కాలిన పూత మీద గీసి, చివరి విడతలో బట్టీలోకి పొగ నింపి కాలుస్తారు. లోహం పూతలోకి చొరబడి, అక్కడి సోడియం, పొటాషియం స్థానాలను ఆక్రమిస్తుంది. పొగ దానిలోని ఆమ్లజనిని లాగేసుకోవడంతో అది అతి సూక్ష్మ లోహ కణాలుగా పూత చర్మం కిందనే పేరుకుంటుంది. చల్లారాక పైన మిగిలిన మట్టిని తుడిస్తే తళుకు బయట పడుతుంది. ఇరాన్‌లోని కాషాన్ కుమ్మరి కుటుంబానికి చెందిన అబుల్ ఖాసిం 1301లో ఈ పద్ధతిని రాసి పెట్టాడు. ఈ విద్య స్పెయిన్‌కూ, అక్కడి నుంచి ఇటలీకీ వెళ్లింది. కాని ఇది పింగాణీ విద్య కాదు, మెత్తటి పూత ఉన్న మట్టి పాత్రల విద్య.

పింగాణీ మీద నిలిచినది రెండో రకం. ఇందులో లోహాన్ని చెట్టు జిగురుతో రసాయనికంగా కలిపి, లావెండర్ నూనె వంటి ద్రవంలో కరిగిస్తారు. బిస్మత్‌తో ఇలా చేసే ముత్యపు తళుకుకు ఫ్రెంచి కళాకారుడు బ్రియాన్షోన్ 1857లో పేటెంట్ హక్కు పొందాడు. అదే ఏడు ఐర్లండ్‌లో మొదలైన బెలీక్ కర్మాగారం సముద్రపు గవ్వల ఆకారాల మీద ఆ తళుకునే వాడి పేరు తెచ్చుకుంది. కాల్చేటప్పుడు జిగురు మండిపోతూ తనలోని కర్బనంతో పొగ పనిని తానే చేస్తుంది, లోహపు పొర ఒకటి గాజు మీద పరుచుకుంటుంది. బట్టీ నిండా పొగ పెట్టవలసిన అవసరం తప్పింది. బంగారానికీ ఇదే దారి దొరికింది. పాత పద్ధతిలో బంగారు పొడిని కాల్చాక అగేట్ రాయితో రుద్ది మెరుగు పెట్టాలి, ద్రవ బంగారం మాత్రం బట్టీ నుంచే మెరుస్తూ వస్తుంది. మెరుపు తేలికగా వచ్చినంత తేలికగా అరిగిపోతుంది కూడా, పొర అంత పలచన.

ఆ పలచదనమే తళుకుకు ప్రాణం. బిస్మత్, టైటానియం వంటి లోహాల పొర ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పలచగా ఉంటుంది. వెలుతురులో కొంత పొర పై ముఖం నుంచి, కొంత కింది ముఖం నుంచి తిరిగి వస్తుంది, ఆ రెండు కిరణాలూ కలిసే చోట కొన్ని రంగులు బలపడి కొన్ని అణగిపోతాయి. వాన వెలిసిన రోడ్డు మీది నూనె చారలోనూ, సబ్బు బుడగలోనూ కనిపించే రంగులు ఇవే. చూసే కోణం మారితే రంగు మారుతుంది. నెమలికంఠం పట్టు చీర మడత మడతకూ రంగు మార్చడం నిలువు, అడ్డ దారాల రంగుల తేడా వల్ల, అంటే కారణం వేరు. కాని కంటికి కలిగే అనుభూతి మాత్రం దగ్గరిదే. ఇక్కడ పువ్వుకూ తళుకుకూ ఉన్న తేడా స్పష్టమవుతుంది. పూల రంగు వెలుతురును కొంత మింగి, కింది తెలుపు నుంచి వెనక్కి పంపుతుంది కాబట్టి ఎటు నుంచి చూసినా గులాబీ గులాబీగానే ఉంటుంది. తళుకు వెలుతురును ఉపరితలం దగ్గరే ఆపి తిప్పి పంపుతుంది, దాని రంగుకు స్థిరమైన చిరునామా లేదు.

పొర మందమే రంగును నిర్ణయిస్తున్నప్పుడు శుభ్రత ఒక సలహాగా ఉండదు, పనిలో భాగమవుతుంది. వేలి ముద్రలోని జిడ్డు, గాలిలోని ధూళి, కుంచెలో మిగిలిన పాత ద్రవం, పాత్ర మీద కనిపించని తేమ, ఇవన్నీ కాలాక మచ్చలుగా, గుండ్రటి తెల్లటి చుక్కలుగా తేలుతాయి. కాల్చడం 700 నుంచి 780 డిగ్రీల ప్రాంతంలో జరుగుతుంది. మొదటి నాలుగైదు వందల డిగ్రీల వరకూ నూనెలూ జిగురూ పొగగా వెళ్లిపోవాలి కాబట్టి బట్టీ మూత కొద్దిగా తెరిచి ఉంచుతారు. మూసేస్తే తళుకు మసకబారుతుంది, తెరిచినా గదిలో కిటికీలు లేకపోతే ఆ పొగ పని చేసేవారి ఊపిరికి చేటు. వేడి మించితే పొర గాజులోకి కరిగి మాయమవుతుంది. పొడి కుంచెతో గీసినప్పటి చారలు వద్దనుకునేవారు పట్టు గుడ్డ చుట్టిన దూది ఉండతో అద్ది పొరను సమం చేస్తారు. పొర సమంగా లేకపోవడమే కావాలనుకునేవారు, ఆరకముందే పలచబరిచే ద్రవం చుక్కలను వదిలి, వలయాలుగా విచ్చుకోనిస్తారు. అందమైన పనులు ఈ రెండిటిలోనూ ఉన్నాయి, కాని రెండోది పూల పక్కన ఎక్కువైతే కన్ను నిలవదు.

పువ్వునూ తళుకునూ కలపడంలో మొదటి నియమం వేడి వరుస. ఎక్కువ వేడి కావలసిన పూల రంగులు ముందు, లస్టర్ తర్వాత, బంగారు అంచు చివర. వరుస తప్పితే చివరి బట్టీ మొదటి పనిని చెడగొడుతుంది. రెండో నియమం స్థలానికి సంబంధించినది. కాలిన లస్టర్ మీద పూల రంగు వేసి మళ్లీ కాలిస్తే, రంగులోని మెత్తటి గాజు కింది లోహపు పొరను కరిగించుకొని తానూ మురికిగా మారుతుంది. కాబట్టి పువ్వు ఉండే చోటును లస్టర్ తగలకుండా వదలాలి. ఆ అంచు గీతను రబ్బరులా ఆరే ద్రవంతో కప్పి కాపాడి, లస్టర్ వేశాక దాన్ని ఒలిచి తీస్తారు. మైసెన్ తొలి పాత్రల్లో బ్యోట్‌గర్ పేరుతో పిలిచే ఊదా ముత్యపు తళుకు ఉంది. అది బంగారం నుంచి వచ్చినదే. హెరోల్ట్ కాలపు చిత్రకారులు దాన్ని బొమ్మ చుట్టూ ఉండే చట్రాలలో, చిన్న చిన్న భాగాలుగా మాత్రమే వాడారు. చిత్రం మీదికి దాన్ని రానివ్వలేదు. సాంకేతిక నియమానికీ అందానికీ మధ్య ఇంత చక్కటి ఒప్పందం అరుదు. పువ్వు నిలకడగా ఉండాలి, తళుకు కదలాలి. కదిలేదాన్ని అంచున ఉంచితే మధ్యనున్నది మరింత నిశ్చలంగా కనిపిస్తుంది. తళుకును పాత్ర అంతా పూసి దాని మధ్య గులాబీని ఇరికించిన నేటి పనుల్లో ఎక్కువ భాగం ఈ కారణంగానే తేలిపోతాయి. గులాబీ ఎంత బాగా వేసినా పక్కనున్న మెరుపు ముందు వెలిసినట్టు కనిపిస్తుంది.

ఇంట్లో వాడే పాత్రల విషయంలో ఇంకో సంగతి చెప్పుకోవాలి. పాత రంగు పొడుల్లో సీసం ఉంటుంది, కొన్ని ఎరుపు, పసుపు రంగుల్లో కాడ్మియం ఉంటుంది. పులుపు వాటిని కొద్ది కొద్దిగా బయటికి లాగుతుంది. చారు, పులుసు, పెరుగు, నిమ్మకాయ రోజూ తినే ఇళ్లలో ఈ మాటకు బరువు ఎక్కువ. కప్పు బయటి వైపు పువ్వులు ఉండటం వేరు, పచ్చడి వేసుకునే గిన్నె లోపలి వైపు ఉండటం వేరు. పెదవి తగిలే అంచు దగ్గర కూడా రంగు లేకపోవడమే మంచిది. బంగారం, లోహపు తళుకు ఉన్న పాత్రను మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. తోమే పీచు లస్టర్‌ను కొన్ని నెలల్లోనే గీసి తీసేస్తుంది.

తెలుగు పాఠకులకు ఈ విద్యను దగ్గరగా చూడగల చోటు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడి యూరప్ పింగాణీ సేకరణలో, డ్రెస్డెన్ పేరుతో ప్రసిద్ధమైన మైసెన్ తరహా పనితనమూ, ఫ్రాన్స్‌కు చెందిన సెవ్ర్ పనితనమూ ఉన్నాయి. అద్దాల బీరువా ముందు నేరుగా నిలబడి చూస్తే పువ్వు మాత్రమే కనిపిస్తుంది. ఒక అడుగు పక్కకు జరిగి, దీపపు వెలుగు పాత్ర మీద ఏటవాలుగా జారేలా చూస్తే, రంగు గాజు పొర ఎక్కడెక్కడ ఎత్తుగా ఉందో, చిత్రకారుడు ఎన్ని విడతలు వేశాడో తెలుస్తుంది. తక్కువ వేడికే మెత్తబడే పూత ఉన్న ఫ్రెంచి మెత్తని పింగాణీ మీద రంగులు పూతలోకి దిగి కలిసిపోయినట్టు, జర్మన్ గట్టి పింగాణీ మీద అవి పైనే తేలినట్టు కనిపించడం ఆ కోణంలోనే పట్టుబడుతుంది. వాడుకలో అరిగిన పాత కప్పు ఎక్కడైనా కనిపిస్తే దాని పిడినీ అంచునూ చూడాలి. బంగారం ముందు పోతుంది, తర్వాత తళుకు పలచబడుతుంది, అప్పటికీ మధ్యలో గులాబీ తన రంగుతోనే ఉంటుంది.